రోమ్ నుంచి ఓర్వియేటో: ఒక పూట సరిపోతుందా, రాత్రి ఉండాలా?

గోదావరి_గట్టు:
అందరికీ నమస్కారం. మే చివర్లో అమ్మానాన్నలతో ఇటలీ వెళ్తున్నాం. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ బుకింగ్స్ అయిపోయాయి. రోమ్‌లో ఉండే రోజుల్లో కొంచెం ఖాళీ పెట్టుకున్నాం. నాన్నగారు హైస్కూల్లో సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. కొలోసియం, ఫోరం సరే, రోమన్ల కంటే ముందు ఆ గడ్డ మీద బతికిన ఎట్రుస్కన్ల ఆనవాళ్ళు చూడాలని ఆయన కోరిక. కొందరు తార్క్వీనియా అన్నారు, కొందరు ఓర్వియేటో అన్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పి, ఎక్కువ మెట్లు ఎక్కలేదు. ముగ్గురం శాకాహారులం. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. ఏం చూడాలో మాత్రమే కాదు, ఎలా చూస్తే అర్థమవుతుందో కూడా చెప్తే మేలు.

పాడువా_విద్యార్థి:
గట్టు గారూ, నాన్నగారి కోరిక అదే అయితే ఓర్వియేటో మంచి ఎంపిక. తార్క్వీనియా సమాధుల్లో రంగుల బొమ్మలు చాలా గొప్పవి, కాదనను. కానీ అక్కడ స్టేషన్ ఊరికి దూరం, సమాధులు ఊరి బయట. పెద్దవాళ్ళతో ఎండలో తిరగడం కష్టం.

రోమా తెర్మిని నుంచి ఓర్వియేటోకి నేరుగా రైళ్ళున్నాయి. మామూలు రెజియొనాలె రైలు గంటా పావు, గంటన్నరలో దింపేస్తుంది. ఈ రైళ్ళకి ముందుగా రిజర్వేషన్ చేయించుకోవాలన్న టెన్షన్ అక్కర్లేదు. కాగితం టికెట్ తీసుకుంటే మాత్రం రైలెక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న మెషిన్‌లో స్టాంపు వేయించండి. లేకపోతే చెకింగ్‌లో ఫైన్ కట్టాలి.

స్టేషన్ కింద లోయలో ఉంటుంది, ఊరు పైన బండ మీద. స్టేషన్ ఎదురుగానే ఫ్యునిక్యులర్ ఉంది. తాడు లాగే చిన్న రైలు, కొద్ది నిమిషాల్లో పైకి చేరుస్తుంది. ఇది 1888లో మొదలైంది. అప్పట్లో కరెంటు లేదు. పై పెట్టె అడుగున ఉన్న ట్యాంకులో నీళ్ళు నింపితే ఆ బరువుకి అది కిందికి దిగుతూ, కింది పెట్టెను పైకి లాగేది. 1970లో ఆపేశారు, 1990లో కరెంటుతో మళ్ళీ మొదలుపెట్టారు. పైన దిగగానే కాహెన్ చౌక్. అక్కడి నుంచి దువోమో దాకా, అంటే పెద్ద చర్చి దాకా చిన్న బస్సు ఉంటుంది. అమ్మగారు నడవక్కర్లేదు.

రాతిబాట:
విద్యార్థి గారు దారి చెప్పేశారు కాబట్టి నేను "ఎలా చూడాలి" అన్నదానికి నాకు తోచింది చెప్తాను. కొంచెం పెద్ద పోస్టు అవుతుంది, ఓపిక పట్టండి.

ఇటలీలో పాత ఊళ్ళన్నీ పొరలు పొరలుగానే ఉంటాయి. ఏ ఊరికి వెళ్ళినా గైడ్ చెప్పేది ఇదే: కింద ఎట్రుస్కన్లు, వాళ్ళ మీద రోమన్లు, వాళ్ళ మీద మధ్యయుగం. ఓర్వియేటో విడ్డూరం ఏమిటంటే, ఇక్కడ నడిమి పొర దాదాపు లేదు. క్రీ.పూ. 264లో రోమన్లు ఈ ఊరిని నేలమట్టం చేసి, మిగిలిన జనాన్ని ఇక్కడికి నైరుతిలో ఉన్న బోల్సేనా సరస్సు ఒడ్డుకి తరలించారు. రోమన్ ఊరు అక్కడ వెలిసింది. థియేటర్లు, ఫోరం, స్నానశాలలు కట్టింది అక్కడే. బండ మీద మాత్రం కొన్ని శతాబ్దాల పాటు చెప్పుకోదగ్గ నగరం లేదు. మళ్ళీ దీని పేరు గట్టిగా వినపడేది 6వ శతాబ్దంలో. గోత్‌లు అనే జర్మన్ తెగ సైన్యం ఈ బండ మీద కోట కట్టుకుని కూర్చుంటే, 538లో బైజాంటియం సేనాని బెలిసారియస్ ముట్టడి వేసి పట్టుకున్నాడు.

దీనివల్ల మనకి ఒరిగింది ఏమిటి? రోమన్లు కడితే పాత పునాదులు తవ్వేస్తారు, రాళ్ళు ఎత్తుకుపోతారు, వీధులు తిరగరాస్తారు. ఇక్కడ ఆ పని జరగలేదు. అందుకే మధ్యయుగం ఇంటి నేలమాళిగలోకి దిగితే నేరుగా ఎట్రుస్కన్ బావి కనిపిస్తుంది. మధ్యలో పదిహేను వందల ఏళ్ళు ఎగిరిపోతాయి. నాన్నగారికి ఇది చెప్పి తీసుకెళ్ళండి. ఇటలీలో రోమన్లను పక్కన పెట్టి ఎట్రుస్కన్లను చూడగలిగే పెద్ద ఊళ్ళు చాలా తక్కువ.

ఇక రాయి సంగతి. ఆ బండ అంతా అగ్నిపర్వత బూడిద పేరుకుని గట్టిపడిన రాయి, ఇటాలియన్లో తూఫో అంటారు. పార, గునపం చాలు తవ్వడానికి. తవ్వినా కూలదు. ఇల్లు కట్టుకోవాలంటే ఇంటి కిందే తవ్వి ఆ రాయినే పైన పేర్చారు. అలా రెండున్నర వేల ఏళ్ళు తవ్వుతూ పోతే బండ కింద 1200 దాకా గుహలు మిగిలాయి. పైన కనిపించే ఊరంతా కిందినుంచి పైకి వచ్చిందే. అందుకని ముందు కిందికి దిగండి, తర్వాత పైన తిరగండి. దువోమో ముందు చూసేసి గుహలు చివర్న పెట్టుకుంటే సగం కథ పోతుంది.

ఓరుగల్లు_పిల్ల:
రాతిబాట అన్నా, మంచి పోస్ట్. ఒక డౌట్. రోమన్లు ఓడించిన ఊళ్ళన్నిటినీ ఖాళీ చేయించలేదు కదా? దీని మీద ఎందుకంత కసి?

వానచినుకు:
నేను చెప్పొచ్చా? ఈ ఊరి ఎట్రుస్కన్ పేరు వెల్జ్నా, రోమన్లు వోల్సీనీ అన్నారు. పన్నెండు ఎట్రుస్కన్ నగరాల కూటమిలో ఇది పెద్దది. ఆ కూటమి ఏటా కలిసే పవిత్ర స్థలం, వోల్తుమ్నా దేవుడి క్షేత్రం, ఎక్కడుందో శతాబ్దాలు వెతికారు. 2000 నుంచి బండ కిందున్న కాంపో దెల్లా ఫియేరాలో జరుగుతున్న తవ్వకాల్లో గుడి పునాదులు, వెడల్పాటి ఊరేగింపు దారి, మొక్కుబడి వస్తువులు బయటపడ్డాయి. ఆ స్థలం ఇదేనని ఇప్పుడు ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటున్నారు. అంటే ఇది ఎట్రుస్కన్లందరికీ కలిసే చోటు. దీన్ని ఉండనిస్తే మళ్ళీ అందరూ ఒక్కటవుతారన్న భయం రోమ్‌కి ఉండేదంటే నేను నమ్ముతాను.

సాకు మాత్రం వేరే దొరికింది. ఊళ్ళో దొరలు అధికారం పోగొట్టుకున్నారు. బానిసత్వం నుంచి బయటపడినవాళ్ళు పెత్తనం చేతిలోకి తీసుకున్నారు. దొరలు రహస్యంగా రోమ్‌ని పిలిచారు. క్రీ.పూ. 265లో వచ్చిన రోమన్ కాన్సుల్ (ఏడాదికి ఎన్నికయ్యే అధినేత) ఫాబియస్ గుర్గెస్ పోరులో చనిపోయాడు. మరుసటి ఏడాది మార్కస్ ఫుల్వియస్ ఫ్లాకస్ ఊరిని పట్టుకుని కూల్చాడు. రెండు వేల కంచు విగ్రహాల కోసమే రోమన్లు ఇదంతా చేశారని మెట్రొడోరస్ అనే గ్రీకు రచయిత నింద వేశాడు. ఆ మాటను రోమన్ రచయిత ప్లినీ నమోదు చేశాడు.

గట్టు గారికి ఒక చిట్కా. రోమ్‌లో కాపిటోలిన్ కొండ కింద సాంత్ ఒమొబోనో చర్చి పక్కన తవ్వకాల ఆవరణ ఉంది. అక్కడ వోల్సీనీ గెలిచినందుకు ఫ్లాకస్ సమర్పించిన కానుకల పీఠం, శాసనంతో సహా దొరికింది. ఓర్వియేటో బయల్దేరే ముందు రోజు ఆ వీధి గుండా వెళ్ళి కంచె బయటి నుంచైనా ఆ చోటు నాన్నగారికి చూపించండి. ఎత్తుకెళ్ళినవాళ్ళ ఊరు ముందు, పోగొట్టుకున్నవాళ్ళ ఊరు తర్వాత.

ఓరుగల్లు_పిల్ల:
ఇది మా పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేదు. రెండు వేల విగ్రహాలు! వాటిలో ఒక్కటైనా మిగిలిందా?

వానచినుకు:
కంచును కరిగించి వాడుకోవడం ఆ రోజుల్లో మామూలే చెల్లీ. కానీ ఊళ్ళో మిగిలినవి చిన్నవేం కావు. దువోమో ఎదురుగా ఫైనా మ్యూజియం ఉంది, పక్కనే జాతీయ పురావస్తు మ్యూజియం. కన్నిచెల్లా శ్మశానంలో దొరికిన దేవత విగ్రహం తప్పక చూడండి. గ్రీకు దీవుల పాలరాయితో చేసింది, క్రీ.పూ. 6వ శతాబ్దం, ఒంటి మీద బట్టలేని దేవత. ఆ కాలానికి అలాంటి విగ్రహం చాలా అరుదు.

మ్యూజియంల కంటే ముందు క్రొచిఫిస్సో దెల్ తూఫో. బండకి ఉత్తరాన, గోడలాంటి ఆ కొండచరియ అడుగున ఉన్న ఎట్రుస్కన్ శ్మశానం. క్రీ.పూ. 6, 5 శతాబ్దాల నాటిది. సమాధులు వీధులుగా ఉంటాయి. ఒక వీధిని ఇంకో వీధి నిలువుగా కోస్తుంది, ఇరువైపులా ఇళ్ళలా వరుసగా రాతి గదులు. ఒక్కో గదిలో శవాలు ఉంచే రాతి అరుగులు. ద్వారం పైకమ్మీ మీద ఆ ఇంటివాళ్ళ పేరు చెక్కి ఉంటుంది. కుడి నుంచి ఎడమకి చదవాలి. సమాధే మాట్లాడుతున్నట్టు "నేను ఫలానావారి దాన్ని" అని మొదలవుతుంది. ఆ పేర్లలో అచ్చ ఎట్రుస్కన్ పేర్లతో పాటు లాటిన్, ఉంబ్రియన్, కెల్టిక్ మూలాల పేర్లు కూడా ఉన్నాయి. బయటినుంచి వచ్చినవాళ్ళకీ అదే వీధిలో, అదే కొలతలో చోటు ఇచ్చారు. నాకు ఓర్వియేటో మొత్తంలో ఎక్కువ నచ్చిన సంగతి ఇదే. మాస్టారు గారికి ఇక్కడ తొందర పెట్టకండి.

మునగచెట్టు:
అందరూ చాలా బాగా రాశారు. కానీ ప్రాక్టికల్‌గా ఆలోచిద్దాం. ఉదయం రైలెక్కితే తొమ్మిదిన్నర, పదికల్లా పైన ఉంటారు. బండ కింది గుహలు చూపించే భూగర్భం టూర్ గంట, దువోమో గంటన్నర, భోజనం, బావి, సాయంత్రం రైలు. ఒక పగలు సరిపోతుంది. పెద్దవాళ్ళతో సామాను మోసుకుంటూ హోటల్ మారడం ఎందుకు? రోమ్‌లో రూముకి డబ్బు ఎలాగూ కట్టేశారు. మేం అలాగే చేశాం, హాయిగా జరిగింది.

రాతిబాట:
మునగచెట్టు గారూ, కుర్రవాళ్ళయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. ఇక్కడ నడవలేని అమ్మగారు, ఆగి ఆగి చూసే నాన్నగారు. మీరు చెప్పిన లిస్టులో శ్మశానం లేదు, మ్యూజియంలు లేవు, పాత పేట లేదు. ఆయన వెళ్తున్నదే వాటి కోసం.

ఇంకో కారణం. పదకొండు నుంచి నాలుగు దాకా దువోమో చౌక్ నిండా రోమ్ నుంచి వచ్చిన బస్సుల జనం. ఐదు దాటాక ఊరు ఊరివాళ్ళది అవుతుంది. దువోమో ముఖం పడమర వైపు. సాయంత్రం ఎండ నేరుగా ఆ బంగారు మొజాయిక్‌ల మీద పడుతుంది. పగటి పూట వచ్చి వెళ్ళినవాళ్ళు ఆ గోడను చూశారు కానీ వెలుగులో చూడలేదని నేను అంటాను. రోమ్‌లో ఒక రాత్రి రూము ఖాళీగా పోయినా పర్వాలేదు, చిన్న బ్యాగుతో వచ్చి ఉండండి.

గోదావరి_గట్టు:
రాత్రి ఉండటానికే మొగ్గు చూపుతున్నాను. నాన్నగారికి ఈ చర్చ చదివి వినిపించాను. "ఆ పేర్ల సమాధులు చూడకుండా రాను" అన్నారు. బావి అన్నారు కదా, దాని సంగతి ఏంటి? మెట్లు ఎన్ని?

పాడువా_విద్యార్థి:
సాన్ పత్రీజియో బావి. ఫ్యునిక్యులర్ దిగిన చోటికి పక్కనే. మెట్లు 248 దిగాలి, 248 ఎక్కాలి. అమ్మగారు మాత్రం పై నుంచి చూసి, పక్కనున్న అల్బొర్నొజ్ కోట తోటలో కూర్చోవచ్చు. ఆ కోట 1364లో కార్డినల్ అల్బొర్నొజ్ కట్టించమన్నది. ఇప్పుడు లోపల చెట్ల నీడ, బెంచీలు, కింద పాల్యా లోయ. బెల్వెదేరే అనే ఎట్రుస్కన్ గుడి అరుగు కూడా అక్కడే. 1828లో రోడ్డు వేస్తుంటే బయటపడింది.

సముద్రతీరం:
నేను సివిల్ ఇంజనీర్‌ని. ఆ బావి గురించి ఇంత చిన్నగా చెప్తే నాకు తృప్తి లేదు, నన్ను చెప్పనివ్వండి.

1527 మేలో చక్రవర్తి 5వ ఛార్లెస్ సైన్యం జీతాలు అందక తిరగబడి రోమ్‌ని దోచేసింది. పోప్ 7వ క్లెమెంట్ నెలల తరబడి సాంత్ ఆంజెలో కోటలో బందీగా ఉండి, డిసెంబరులో మారువేషంలో తప్పించుకుని ఓర్వియేటో చేరాడు. ఎనిమిదో హెన్రీ రాజు విడాకుల కోసం పంపిన ఇంగ్లండ్ రాయబారులు 1528లో ఆయన్ని ఈ ఊళ్ళోనే కలిశారు. బండ మీద శత్రువు ఎక్కలేడు సరే, ముట్టడి వేస్తే నీళ్ళు? అదే ఆయన భయం. ఆంటోనియో ద సాంగాల్లో అనే స్థపతిని పిలిచి బావి తవ్వమన్నాడు.

సాంగాల్లో ఆలోచన చూడండి. లోతు 53 మీటర్లు, వెడల్పు 13 మీటర్లు. నీళ్ళు మోసేది కంచరగాడిదలు. ఒకే దారి అయితే దిగే గాడిద, ఎక్కే గాడిద ఎదురుపడి ఇరుక్కుంటాయి. అందుకని బావి గోడ లోపల రెండు చుట్టు మెట్లదారులు, ఒకదాని మీద ఒకటి మెలిపెట్టినట్టు తవ్వాడు. ఒక గుమ్మంలో దిగితే అడుగున చిన్న వంతెన దాటి, రెండో దారిలో ఎక్కి, ఎదురుగా ఉన్న ఇంకో గుమ్మం నుంచి బయటికి వస్తారు. ఆ వంతెన దగ్గర తప్ప రెండు దారులూ ఎక్కడా కలవవు. మెట్లు వెడల్పుగా, తక్కువ ఎత్తుతో ఉంటాయి, జంతువు కాలికి తగ్గట్టు. లోపలికి వెలుతురు కోసం బావి గోడలో 70 దాకా కిటికీలు. దిగుతున్నకొద్దీ ఎదురు కిటికీల్లో పైకి వెళ్ళేవాళ్ళు కనిపిస్తారు, కానీ వాళ్ళ దగ్గరికి మీరు వెళ్ళలేరు. మన మెట్ల బావుల్లో దిగినదారినే ఎక్కుతాం కదా, ఇక్కడ తేడా అదే.

నీళ్ళు అంత లోతులోనే ఎందుకు? తూఫో రాయి వాన నీటిని కిందికి వదిలేస్తుంది. బండ అడుగున బంకమట్టి పొర ఉంది, అది వదలదు. ఆ రెండూ కలిసే చోట నీరు ఊరుతుంది. 1537కి బావి పూర్తయింది. అప్పటికి క్లెమెంట్ పోయి మూడేళ్ళు. తర్వాతి పోప్ 3వ పౌల్ హయాంలో ముగించారు. క్లెమెంట్ భయపడిన ముట్టడి రానే లేదు.

రాతిబాట:
సముద్రతీరం గారూ, అద్భుతం. దీనికి ఒకటి కలుపుతాను. ఊరి పడమటి కొసన వియా దెల్లా కావా వీధిలో పొజ్జో దెల్లా కావా అనే ఇంకో బావి ఉంది. 36 మీటర్లు. అదే పోప్ దాన్ని కూడా వెడల్పు చేయించాడు. 1984లో మళ్ళీ బయటపడింది. అక్కడ గుండ్రటి పెద్ద బావి పక్కనే దీర్ఘచతురస్రంగా ఇరుకు గొట్టంలాంటి ఎట్రుస్కన్ బావి కనిపిస్తుంది. దాని రెండు గోడలకీ కాళ్ళు పెట్టుకునే గుంటలు. మనిషి వీపు ఒక గోడకి ఆనించి, అడుగు అడుగుగా దిగుతూ తవ్వాడు. రెండు వేల ఏళ్ళ తేడాతో ఇద్దరు మనుషులు అదే నీటి కోసం, అదే రాయిలో. అమ్మగారు ఇక్కడ పెద్దగా దిగకుండానే చూడొచ్చు.

భూగర్భం టూర్‌లో కూడా ఇలాంటి బావులున్నాయి. ఒలీవ నూనె గానుగ ఉంది. గోడల నిండా వరుసగా చదరపు గూళ్ళుంటాయి, పావురాల కోసం తొలిచినవి. కొండచరియకి కిటికీలు తీశారు, పావురాలు బయటికి ఎగిరిపోయి మేత తిని తిరిగొచ్చేవి. యజమానికి ఖర్చులేదు. ఇరుకు మెట్లు ఒకటి రెండు చోట్ల ఉంటాయి, టికెట్ తీసుకునేటప్పుడు అమ్మగారి సంగతి చెప్పండి.

పాత ఎట్రుస్కన్ బావుల్ని, గోతుల్ని మధ్యయుగంలో చెత్తగుంతలుగా వాడారు. పగిలిన కుండలు, పళ్ళేలు అన్నీ అందులోకే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాటిని తవ్వితే ఆకుపచ్చ, గోధుమ రంగుల బొమ్మల మట్టిపాత్రలు గుట్టలుగా వచ్చాయి. చాలావరకు వ్యాపారుల చేతుల్లోంచి ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి. ఈ ఊరి సొత్తు ప్రతి కాలంలోనూ ఎవరో ఒకరు తీసుకెళ్ళారు, నాకు అది బాధ.

ఓరుగల్లు_పిల్ల:
దువోమో గురించి ఎవరూ వివరంగా రాయలేదు. లోపల ఏం చూడాలి?

వానచినుకు:
నేను రాస్తాను. 1290లో పోప్ 4వ నికొలాస్ శంకుస్థాపన చేశాడు. కొంతకాలానికి గోడలు నిలుస్తాయా లేదా అన్న భయం వచ్చి, సియేనా నుంచి లొరెంజో మైతానిని పిలిపించారు. 1310లో ఆయన ప్రధాన స్థపతి అయ్యాడు. ముందు గోడ రూపం ఆయనదే. పక్క గోడలు నల్ల బసాల్ట్, తెల్ల ట్రావర్టీన్ చారలు.

అందరూ తలెత్తి మొజాయిక్‌లు చూస్తారు. అవి చాలావరకు తర్వాతి శతాబ్దాల్లో మార్చినవి. 14వ శతాబ్దపు అసలు మొజాయిక్ ఒకటి లండన్ మ్యూజియంలో ఉంది. మీరు తల దించి గుమ్మాల మధ్య ఉన్న నాలుగు స్తంభాలు చూడండి. పాలరాతి మీద సృష్టి మొదలుకొని తీర్పు దినం దాకా ఎడమ నుంచి కుడికి చెక్కారు. కళ్ళ ఎత్తులో ఉంటాయి. ఆదాము పక్కటెముక నుంచి హవ్వను తీసే చోట ఆదాము నిద్ర ఎంత మెత్తగా ఉంటుందో. కుడివైపు చివరి స్తంభంలో నరకం. అక్కడ ఒక మనిషి నోరు తెరిచి అరుస్తున్నాడు, ఏడు వందల ఏళ్ళుగా. నడిమి కంచు తలుపులు మాత్రం 1970లో పెట్టినవి, ఎమీలియో గ్రెకో చేశాడు. అప్పట్లో పెద్ద గొడవ జరిగింది. నాకవి నచ్చాయి.

లోపల కుడివైపు సాన్ బ్రిజియో చాపెల్. 1447లో చిత్రకారుడు ఫ్రా ఆంజెలికో కప్పు మీద కొన్ని బొమ్మలు వేసి వెళ్ళిపోయాడు. యాభై ఏళ్ళు అలాగే ఉండిపోయింది. 1499లో లూకా సిన్యొరెల్లి వచ్చి 1504కి పూర్తి చేశాడు. ఒక గోడ మీద క్రీస్తు వేషంలో నిలబడి బోధిస్తున్న అంత్యక్రీస్తు, అంటే లోకాంతంలో వచ్చే దొంగ క్రీస్తు, చెవిలో సైతాను చెప్తుంటే అదే పలుకుతున్నాడు. ఎడమ మూలన నల్లబట్టల్లో నిలబడి చూస్తున్న ఇద్దరు సిన్యొరెల్లి, ఫ్రా ఆంజెలికో. తనకంటే ముందు ఆ పని మొదలుపెట్టినవాణ్ణి పక్కన నిలబెట్టుకున్నాడు. ఎదురుగోడ మీద భూమిలోంచి లేస్తున్న శవాలు, కొందరు ఇంకా ఎముకలే, కొందరికి కండ పట్టింది. మైకెలాంజిలో దీని నుంచి నేర్చుకున్నాడని చిత్రకారుల జీవితాలు రాసిన వసారీ అన్నాడు. సిస్టీన్ చాపెల్ మీరు రోమ్‌లో ఎలాగూ చూస్తారు, పోల్చుకోండి.

2019లో ఇంకో మంచి పని జరిగింది. పన్నెండుమంది అపొస్తలుల పెద్ద విగ్రహాలు, మోకి అనే శిల్పి చెక్కిన దేవదూత, మరియ విగ్రహాలు 1897లో "మధ్యయుగం నాటివి కావు" అని చర్చిలోంచి తీసేశారు. వాటిని తిరిగి లోపల నిలబెట్టారు. ఒక పొరను తుడిచేస్తే ఊరు స్వచ్ఛమవుతుందన్న ఆలోచన ఎంత తప్పో అవి చూస్తే తెలుస్తుంది.

మునగచెట్టు:
దువోమో కట్టిందే బోల్సేనా అద్భుతం కోసం కదా? 1263లో అనుమానంతో ఉన్న ఫాదర్ చేతిలో పూజ అప్పం నుంచి రక్తం కారడం, రక్తం పడిన గుడ్డను పోప్ దగ్గరికి తేవడం. మా గైడ్ అదే చెప్పారు.

వానచినుకు:
ఊళ్ళో అందరూ నమ్మేది అదే. ఎడమవైపు చాపెల్‌లో ఆ గుడ్డ ఉంది, 1338 నాటి వెండి పేటిక మీద మీనాకారీలో ఆ కథంతా ఉంది. కానీ చరిత్ర రాసేవాళ్ళు ఒక సంగతి చూపిస్తారు. పోప్ 4వ అర్బన్ 1264 ఆగస్టులో ఓర్వియేటో నుంచే కోర్పుస్ దోమిని (ఆ పూజ అప్పాన్ని క్రీస్తు దేహంగా కొలిచే) పండుగను క్రైస్తవ లోకమంతటికీ ప్రకటించాడు. ఆ ప్రకటనలో బోల్సేనా మాటే లేదు. ఆయన ఒకప్పుడు ఇప్పటి బెల్జియంలోని లియేజ్‌లో ఆర్చ్‌డీకన్, అంటే బిషప్ కింద చర్చి అధికారి. అక్కడ ఈ పండుగ 1246లోనే మొదలైంది. ఆయన మనసులో ఉన్నది అది అయ్యుండొచ్చు.

మునగచెట్టు:
అయ్యుండొచ్చు. కానీ ఏడు వందల ఏళ్ళు ఊరు ఊరంతా ఆ గుడ్డను మోస్తూ వీధుల్లో నడవడం కూడా చరిత్రే కదండీ. రుజువు కాగితంలో లేకపోయినా చర్చి నిలబడింది, పండుగ నిలబడింది. మా ఆవిడ క్రిస్టియన్. ఆ చాపెల్‌లో ఆమె కూర్చున్న తీరు చూశాను. అక్కడ తేదీల గురించి మాట్లాడాలనిపించలేదు.

వానచినుకు:
ఒప్పుకుంటాను. రెండూ తెలుసుకుని వెళ్ళడమే మంచిది. పొరల సంగతి కాబట్టి ఒకటి చెప్పి ముగిస్తాను. సాన్ దొమెనికో చర్చిలో కార్డినల్ దె బ్రే సమాధి ఉంది. ఆయన 1282లో పోయాడు, చెక్కింది ఆర్నొల్ఫో ది కాంబియో. దాని పైన కూర్చున్న మరియ విగ్రహాన్ని శుభ్రం చేస్తున్నప్పుడు తెలిసింది, అది కొత్తగా చెక్కింది కాదు, పాత రోమన్ దేవత విగ్రహాన్ని మార్చి కూర్చోబెట్టారు. నడిమి పొర ఈ ఊళ్ళో లేదన్నారు కదా రాతిబాట గారు. ఇక్కడ బిడ్డనెత్తుకుని కూర్చుంది చూడండి.

రాతిబాట:
ఇది చాలా బాగుంది అక్కా. పౌర చౌక్‌లో సాంత్ ఆంద్రియా చర్చి కూడా చేర్చండి. పన్నెండు పలకల బురుజు, కింద 6వ శతాబ్దపు మొజాయిక్ నేల, దాని కింద ఎట్రుస్కన్ కట్టడాలు. పడమటి కొసన 1004లో కట్టిన సాన్ జొవెనాలే చర్చి. రంగులు సగం రాలిపోయిన కుడ్యచిత్రాలు, లోపల మనుషులే ఉండరు. దాని ముందు గోడ దగ్గర నిలబడితే బండ అంచు.

పాడువా_విద్యార్థి:
తిండి. ఉంబ్రికెల్లీ అని లావుపాటి నూడుల్స్, పిండి, నీళ్ళు మాత్రమే, గుడ్డు ఉండదు. టమాటా, వెల్లుల్లి, మిరప సాస్‌తో అడగండి, లేదా ట్రఫుల్‌తో. లుమకెల్లా అనే ఉప్పటి బన్ను చూడటానికి బాగుంటుంది, కానీ లోపల జున్నుతో పాటు పంది మాంసం ముక్కలుంటాయి, తీసుకోకండి. ఇక్కడి రొట్టెలో ఉప్పు వేయరు, అమ్మగారు ఆశ్చర్యపోకుండా ముందే చెప్పండి. జున్నుల్లో రెన్నెట్ (దూడ కడుపు నుంచి తీసే పదార్థం) ఉంటుంది, ఆ పట్టింపు ఉంటే అడిగి తెలుసుకోండి. ఊరి తెల్ల వైన్‌కి మంచి పేరు, ఈ గుహల్లోనే చల్లగా నిల్వ చేసేవారు.

సముద్రతీరం:
ఒక్క విషయం మిగిలింది. ఈ బండ శాశ్వతం కాదు. కింద బంకమట్టి జారుతుంది, అంచులు విరిగి పడతాయి. 1970ల్లో పరిస్థితి ముదిరితే 1978లో ఓర్వియేటో, తోది ఊళ్ళను కాపాడటానికి ప్రత్యేక చట్టం చేశారు. పాడైన నీటి గొట్టాలు, మురుగు కాలువలు మార్చారు, బండలోకి ఉక్కు కడ్డీలు దించి కట్టారు. నీళ్ళు లీకవడమే పెద్ద శత్రువు. ఆ పని జరగకపోతే ఏమవుతుందో పక్కనే ఉన్న చివితా ది బాన్యొరేజియో అనే ఊరు చెప్తుంది. అంచులు విరిగి విరిగి ఇప్పుడు 1965లో కట్టిన కాలివంతెన ఒక్కటే దారి. బస్సులో వెళ్ళొచ్చు, కానీ ఆదివారం బస్సుల మీద ఆశ పెట్టుకోకండి. వంతెన ఏటవాలు, అమ్మగారికి వద్దు. ఓర్వియేటో బండ చుట్టూ నడకదారి ఉంది, దాని మీద కాసేపు నడిస్తే ఆ మరమ్మతులన్నీ కంటికి కనిపిస్తాయి.

గోదావరి_గట్టు:
వెళ్ళొచ్చాం. రాత్రి ఉన్నాం. అందరికీ ధన్యవాదాలు.

మీరు చెప్పిన వరుసలోనే చూశాం. శ్మశానంలో నాన్నగారు ఒక్కో గుమ్మం ముందు ఆగి, కుడి నుంచి ఎడమకి అక్షరం అక్షరం పట్టుకుని చదవడానికి కూర్చున్నారు. గ్రీకు లిపి కాస్త తెలుసు కాబట్టి కొన్ని దొరికాయి. అక్కడి ఉద్యోగి వచ్చి ఆయనకి ఇంకో వీధిలో స్పష్టంగా ఉన్న రాయి చూపించారు. భాష రాకపోయినా ఇద్దరూ వేళ్ళతో చూపించుకుంటూ చాలాసేపు మాట్లాడుకున్నారు. సాంగాల్లో బావిలోకి నేను, నాన్నగారు దిగాం. అమ్మ కోట తోటలో కూర్చుంది. పొజ్జో దెల్లా కావా దగ్గర మాత్రం ఆ కాళ్ళ గుంటలు చూసి మా ఇద్దరికంటే ఎక్కువసేపు నిలబడింది అమ్మే. వాళ్ళ చిన్నప్పుడు ఊళ్ళో బావి పూడిక తీసే మనిషిని గుర్తు చేసుకుంది.

ఒక ప్రశ్న. కోర్పుస్ దోమిని ఊరేగింపు మాకు కొద్ది రోజుల్లో తప్పిపోయింది. మా పిన్నివాళ్ళు వచ్చే ఏడాది వెళ్తామంటున్నారు. ఎప్పుడు చూసుకోవాలి?

పాడువా_విద్యార్థి:
తేదీ ఏటా మారుతుంది. ఈస్టర్ తర్వాత అరవయ్యో రోజు గురువారం వస్తుంది. ఇటలీలో దాన్ని ఆ తర్వాతి ఆదివారం జరుపుతారు, ఓర్వియేటోలో ఊరేగింపు కూడా ఆదివారమే. మధ్యయుగపు వేషాల్లో వందలమంది నడుస్తారు. ఆ శని, ఆదివారాలకి రూములు దొరకవు, పిన్నివాళ్ళని జనవరిలోనే బుక్ చేసుకోమనండి. కారులో వస్తే కాంపో దెల్లా ఫియేరా పార్కింగ్‌లో ఆపాలి, అక్కడి నుంచి ఊళ్ళోకి లిఫ్టు, ఎస్కలేటర్ ఉన్నాయి.